ఆడవాళ్ళకి ఒకటే అచ్చు

పెళ్ళయిన ఆ వేసవిలో నాకు తెలిసిన ఆట ఒక్కటే. మా ఆయన ఎదురైనప్పుడల్లా అరచేయి చాపి "పెట్టండి" అనేదాన్ని. ఆయన అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, తన అరచేతిని నా అరచేతికి ఆనించేవారు. నా వేళ్ళు ఆగిపోయిన చోటు నుంచి ఆయన వేళ్ళు ఇంకో కణుపు మేర పైకి పోయేవి.

"ఇవాళ కూడా ఎదగలేదు."

"రేపటికి చూడండి."

ఇంతే. ఇందులో నవ్వడానికి ఏముందో చెప్పమంటే ఇప్పుడు చెప్పలేను. అప్పుడు మాత్రం పడీపడీ నవ్వేదాన్ని. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ పరీక్షలు రాసి ఫలితాల కోసం చూస్తున్న మనిషిని. ఒకే కొలత మళ్ళీ మళ్ళీ తీసుకుని, ప్రతిసారీ ఒకే జవాబు వస్తే అంతగా మురిసిపోయేవాళ్ళు మా డిపార్ట్‌మెంటులో ఇంకెవరూ ఉండి ఉండరు.

చేతుల మీద నాకంత ధ్యాస పడటానికి ఆ ఇల్లే కారణం. కింద దుకాణం, పైన కాపురం. మావయ్య తోలు గ్లౌజులు చేస్తారు. వెల్డర్లకు, లారీ డ్రైవర్లకు, రాళ్ళు కొట్టేవాళ్ళకు. తోలు కోసేది మావయ్య, కుట్టేది అత్తయ్య. మిషన్లు బాగుచేసేది, సరుకు తిప్పేది మా ఆయన. మెట్లు దిగుతుంటేనే కొత్త తోలు వాసన ఎదురొచ్చేది. మొదట్లో ముక్కు మూసుకున్నాను. తర్వాత తర్వాత మా ఆయన చొక్కాలో ఆ వాసన లేకపోతే తోచేది కాదు.

మావయ్యకు టేపు అక్కర్లేదు. గిరాకీ వస్తే లేచి నిలబడి చేయి కలుపుతారు. ఒక్క క్షణం పట్టుకుని వదిలేస్తారు. వెంటనే వెనక్కి తిరిగి, గోడ మేకులకు వేలాడుతున్న అట్ట అచ్చుల్లోంచి ఒకటి తీస్తారు. దాన్ని తోలు మీద పెట్టి కోస్తే, ఆ గ్లౌజు చేతికి రెండో చర్మంలా అమరాల్సిందే. "ఇంకోసారి చూడండి" అని ఎవరైనా అంటే ఆయనకు చిన్నతనం. ఎడమ కొసన చిన్నవి, కుడి కొసన పెద్దవి, గోడ పొడుగునా అచ్చులే. అన్నీ మగవాళ్ళవి. కిటికీ పక్కన మాత్రం విడిగా, అంచులు నల్లబడిన అచ్చు ఒకటి ఉండేది. అది ఆడవాళ్ళది.

"ఆడవాళ్ళందరికీ ఒకటేనా అత్తయ్యా?" అని అడిగాను.

"చాలదూ? వచ్చిన ఆడవాళ్ళందరి చేతులూ పట్టుకుంటూ కూర్చుంటారా ఏం మీ మావయ్య?" అంది అత్తయ్య మిషను ఆపకుండా.

"మరి అది ఎవరి చేతిది?"

మిషను ఆగింది. దారం తెగిందేమో చూసుకుంటున్నట్టు అత్తయ్య తల వంచింది.

"నాదే. పెళ్ళయిన కొత్తలో ఎవరో ఆవిడ వచ్చి గ్లౌజులు అడిగింది. ఈయనకి ఏం చెయ్యాలో తోచలేదు. నన్ను పిలిచి, చెయ్యి ఇక్కడ పెట్టు అన్నారు. పెన్సిలు వేళ్ళ సందున పోతుంటే చక్కిలిగింతలు పుట్టి చెయ్యి లాగేసుకున్నాను. మణికట్టు పట్టుకుని మళ్ళీ గీశారు. చూడు, చిటికెన వేలు దగ్గర రెండు గీతలుంటాయి."

వెళ్ళి చూశాను. నిజంగానే లోపల ఒక గీత, అంచున ఒక గీత. నాకిక కాలు నిలవలేదు. ఇన్నేళ్ళుగా ఈ దుకాణంలో గ్లౌజులు కొనుక్కున్న ఆడవాళ్ళందరూ కొత్త పెళ్ళికూతురుగా ఉన్న అత్తయ్య చేతిని తొడుక్కుని తిరుగుతున్నారన్నమాట! మా ఆయనకు చెబితే "దానికింత కథ ఉందా?" అని తల గోక్కున్నారు. ఎవరూ చూడకుండా ఆ అచ్చు మీద నా చేయి పెట్టాను. వెంట్రుకవాసి తేడా లేదు. అచ్చం నా కోసమే కోసినట్టుంది. ఆనందం పట్టలేక కేకపెట్టి అందరికీ చూపించాను. మావయ్య చూసి తృప్తిగా తలూపారు.

"ఆడవాళ్ళ చెయ్యి అంటే ఇంతేనమ్మాయ్. అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే."

ఆ మాటే తర్వాత నా గొంతుకు అడ్డం పడింది.

మా ఆడపడుచు పేరు పొట్టి. చిన్నప్పుడు ఎవరో పెట్టారు. ఇప్పుడు నాకంటే జానెడు పొడుగు, అయినా పేరు మార్చాలని ఎవరికీ తోచలేదు. ఆ ఏడాదే ట్రైనింగు స్కూల్లో వెల్డింగులో చేరింది. ఆ సెక్షన్‌లోకి ఆడపిల్లల్ని తీసుకోవడం అదే మొదలు. ఆరుగురు చేరారు. నేను కాపురానికి రాకముందే ఇంట్లో దాని మీద పెద్ద రగడ అయిందట. చివరికి మావయ్య, "చేరు. కానీ బరువైందనీ, కాలిందనీ నా దగ్గరికి ఫిర్యాదులు మోసుకురాకు" అన్నారట. పొట్టి సరేనని మాటిచ్చింది.

స్కూలుకు గ్లౌజులు మొదటి నుంచీ మా దుకాణం నుంచే వెళ్తాయి. మగపిల్లలు గుంపుగా వచ్చి, వరసగా మావయ్యతో చేయి కలిపి, తోసుకుంటూ నవ్వుకుంటూ పోయారు. ఆడపిల్లలవి ఆరు జతలు కావాలని స్కూలు నుంచి కబురు మాత్రం వచ్చింది. మావయ్య కిటికీ పక్కన అచ్చు తీసి ఆరు జతలూ కోశారు. కూతురి జతకు మెత్తటి తోలు ఏరి, రెండు వరసల కుట్టు వేయించారు.

ఒక మధ్యాహ్నం మేడ మీద బట్టలు ఆరేస్తున్నాం. పొట్టి బకెట్టు అందిస్తుంటే దాని వేళ్ళు చూశాను. వేళ్ళ సందుల్లో చర్మం లేచిపోయింది. కణుపులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"అయ్యో, ఎక్కడ కాల్చుకున్నావ్?"

"కాలలేదు వదినా. గ్లౌజు."

"మావయ్య చేసిన గ్లౌజా?"

"మెల్లిగా! కిందకి వినబడుతుంది."

తడి దుప్పటి చాటుకు లాగి చెప్పింది. వెల్డింగు రాడ్డును పట్టుకునే హోల్డరుకు స్ప్రింగు మీట ఉంటుందట. దాన్ని నొక్కి రాడ్డు పెట్టాలంటే పిడికిలి గట్టిగా బిగించాలి. గ్లౌజు వేలి మొదళ్ళ దగ్గరే పట్టేస్తుంటే పిడికిలి మూసుకోదు. తనకే కాదు, ఇంకో నలుగురికీ అంతే. ఒకమ్మాయికి మాత్రం చేయి మరీ సన్నం, ఆమెకు వేళ్ళ చివర్లు ఖాళీగా వేలాడుతున్నాయి.

"మాస్టారేమో ఆడపిల్లల చేతుల్లో పట్టు లేదు, అది ముందే తెలుసు అంటున్నారు. వానలు పడేలోపు టెస్టు పెడతారు. ఇనప పలకలు అతకలేనివాళ్ళని స్టోర్సు సెక్షన్‌కి పంపించేస్తారట. అక్కడ కూర్చుని బోల్టులు లెక్కపెట్టుకోవాలి."

"మగపిల్లలవి ఒకసారి తొడుక్కుని చూడకపోయావా?"

"చూశాను. పక్క బెంచీ వాడిది అడిగి తొడుక్కున్నా. పువ్వులా ఉంది. ఒకరివి ఒకరు వాడితే చర్మరోగాలొస్తాయని మాస్టారు లాక్కున్నారు."

"అయితే మావయ్యకి చెప్పెయ్యి. చిటికెలో కోసిస్తారు."

పొట్టి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "నాన్న గ్లౌజు బిగుతైందని ఇన్నేళ్ళలో ఎవరైనా తిరిగి తెచ్చారా? మొదట తెచ్చేది సొంత కూతురా? అదీ ఫిర్యాదు చెయ్యనని మాటిచ్చి? నేను స్టోర్సుకైనా పోతా కానీ ఆ మాట అనను. నువ్వూ అనకూడదు. నీ నోట్లో నువ్వుగింజ నానదు, నాకు తెలుసు. ఒట్టెయ్యి."

వేశాను. అక్కడి నుంచి మొదలైంది నా అవస్థ.

కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలిసేది కాదు. మేడ మీదకు వెళ్ళి, ఎందుకొచ్చానో మరిచిపోయి దిగివచ్చేదాన్ని. పాలు పొంగి పొయ్యి ఆరిపోయేది. పొట్టి సాయంత్రం ఇంటికి రాగానే దాని చేతుల వంక చూడటం, అది వాటిని వెనక్కి దాచుకోవడం. "కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేంటి?" అని మా ఆయన అడిగితే "ఎండకి" అనేదాన్ని. అరచేతుల ఆటలో కూడా మనసు నిలిచేది కాదు. ఆయన వేళ్ళకూ నా వేళ్ళకూ మధ్య ఉన్న ఆ కణుపు తేడాను చూసి, ఇన్నాళ్ళూ నవ్వుకున్నదాన్ని, ఇప్పుడు అదే కదా మావయ్య అనేది అనుకుని చేయి దించేసుకునేదాన్ని. పైగా ఆ అచ్చు మీద నాకే ఎంత ప్రేమ! అది తప్పని ఒప్పుకోవాలంటే నాకే ప్రాణం ఒప్పేది కాదు.

ఆగలేక ఒకరోజు డొంకతిరుగుడుగా కదిపాను. "మావయ్యా, ఆడవాళ్ళలోనూ పెద్ద చేతులవాళ్ళు ఉంటారు కదా?"

"ఉంటే ఉంటారు. నీకు సరిపోయిందిగా?"

"నేనొక్కదాన్నే కదా మావయ్యా."

"మీ అత్తయ్యతో ఇద్దరు."

రెండు చేతులు చూసి భూమ్మీద ఆడవాళ్ళందరి మీదా తీర్పు! మా ప్రొఫెసరు వింటే కళ్ళు తిరిగి పడిపోయేవారు. ఆ రెండో చేయి నాదే కావడం ఇంకా ఘోరం.

"అయితే నేను తేల్చుకొస్తాను" అన్నాను. "పొట్టి వాళ్ళ స్కూల్లో మగపిల్లల చేతులూ ఆడపిల్లల చేతులూ కాగితాల మీద గీసుకొస్తాను. కొలిచి చూద్దాం. ఫలితాలొచ్చేదాకా నాకూ వేరే పని లేదు."

మావయ్య నవ్వారు. "తెలిసిన సంగతి తేల్చడానికి కూడా చదువుండాలా? సరే, కానీ."

ట్రైనింగు స్కూలు రేకుల షెడ్డు పెనంలా కాలుతోంది. వెల్డింగు మాస్టారి మణికట్టు మీద పెద్ద పాత మచ్చ ఉంది. మాట్లాడుతున్నంతసేపూ దాన్ని రుద్దుకుంటూనే ఉన్నారు. "గీసుకోండి. కానీ అమ్మా, ఒక మాట. హోల్డరు జారితే ఏమవుతుందో నాకు తెలుసు. పట్టు లేని చేతిని నేను మంట దగ్గర నిలబెట్టలేను. రేపు తల్లిదండ్రులకి జవాబు చెప్పాల్సింది నేనే" అన్నారు. ఆయన మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను కానీ ఆ మచ్చ చూశాక రాలేదు.

భోజనాల వేళ బెంచీ మీద కాగితాలు పరిచి కూర్చున్నాను. కుడి చేయి పెట్టడం, వేళ్ళు కొంచెం విడదీయడం, నేను పెన్సిలు నిలువుగా పట్టి గీయడం. పేరు మాత్రం కాగితం వెనక. ముందు ఎవరూ రాలేదు. అందరూ పహిల్వాన్‌ను తోశారు. పొద్దున్నే కసరత్తు చేస్తాడని ఆ బిరుదు.

"అక్కా, మీ కాగితం చాలదేమో చూసుకోండి" అన్నాడు చొక్కా చేయి పైకి మడుస్తూ.

గీశాక కాగితంలో సగం ఖాళీగా మిగిలింది. 

"కండలన్నీ జబ్బలోనే ఆగిపోయాయిరా, వేళ్ళదాకా దిగలేదు!" అని ఎవరో అరిచారు.

"చెయ్యి ముడుచుకుంది, ఎండకి!" అని పహిల్వాన్.

"ఎండకి వ్యాకోచిస్తాయిరా, చదువుకోలేదూ?"

షెడ్డంతా గొల్లుమంది. దాంతో అందరూ ఎగబడ్డారు. తాపీమేస్త్రి కూతురు వచ్చి అరచేయి పెడితే పక్కనున్న కుర్రాళ్ళు తమ చేతులు జేబుల్లోకి దోపుకున్నారు. సన్నచేతుల అమ్మాయి, "నా వేళ్ళు పెన్సిలు కంటే సన్నం, ఏది గీస్తారో చూసుకోండి" అంది. పొట్టి అందరికంటే చివర వచ్చింది. నా వంక చూడకుండా చేయి పెట్టింది. వేళ్ళ సందుల్లో పెన్సిలు తగిలితే మంటపుడుతుందని నాకు తెలుసు. మెల్లిగా గీశాను. అది పెదవి కూడా కదపలేదు.

ఇంటికొచ్చి స్కేలు పెట్టి కొలిచాను. పొడుగులు, వెడల్పులు, సగటులు. రెండుసార్లు కూడినా ఒకటే వచ్చింది. మగపిల్లల సగటు కంటే ఆడపిల్లల సగటు చిన్నదే.

దాచడం ఎలాగో తెలియక చెప్పేశాను.

"అదే కదా నేనన్నది!" మావయ్య తోలు మీద చరిచారు. "పాపం ఎండన పడి వెళ్ళింది. ఏమే, కోడలికి కాస్త మజ్జిగ ఇవ్వు."

 పొట్టి బల్ల మీద సంచీ పెట్టి మేడెక్కిపోయింది. నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. లెక్క తప్పు కాదు. పొట్టి చేతులూ అబద్ధం కాదు. రెండూ నిజమైతే మరి తప్పు ఎక్కడుంది? దుకాణంలో ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉన్నాను. మా ఆయన మిషనుకు నూనె వేస్తూ, "కాస్త నిలబడవా, నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అన్నారు. అప్పుడు ఆగాను. ఆగిన చోట ఎదురుగా గోడ. ఆ కొస నుంచి ఈ కొసదాకా మేకులు. మగవాళ్ళకైనా మావయ్య సగటు చేతికి ఒక్క గ్లౌజు కోసి ఊరుకోలేదు కదా! సగటుకు గ్లౌజెవరు తొడుగుతారు?

మర్నాడు పొద్దున కాఫీలయ్యాక కాగితాలన్నీ పేకముక్కల్లా కలిపి మావయ్య ముందు పెట్టాను.

"వీటికి అచ్చులు చెప్పండి మావయ్యా. పేర్లు వెనక ఉన్నాయి, చూడకూడదు."

"కాగితంతో చేయి కలపమంటావా?"

"మీకు రాదంటే వద్దులెండి."

"ఎవరికి రాదూ?" అని కళ్ళజోడు సర్దుకున్నారు.

మా ఆయన కూడా చేరారు. అత్తయ్య మిషను ఆపి కుర్చీ ఇటు తిప్పుకుంది. మావయ్య ఒక్కో కాగితాన్నీ చూపుడు వేలితో తడిమి, లేచి వెళ్ళి, ఒక మేకుకు గుచ్చేవారు. ఆట ఆయనకు పట్టేసింది. ఒకదాన్ని చూసి, "ఇది అమ్మాయిది. పూలచెండులా ఉంది" అన్నారు. తిప్పి చూస్తే పహిల్వాన్. మా ఆయన పొట్ట పట్టుకుని కూర్చున్నారు. మావయ్య కూడా నవ్వి, "వాడు చేయి కలిపినప్పుడే అనుకున్నా" అన్నారు. తాపీమేస్త్రి కూతురి కాగితాన్ని ఇంకో మాట లేకుండా మధ్య మేకుకు తగిలించారు. వెనక్కి తిప్పి చూసి, "అలాగా?" అని గొణిగారు. సన్నచేతుల అమ్మాయిది ఏ మేకుకూ కుదరక కాసేపు చేతిలో పట్టుకుని, బల్ల మీద పెట్టారు. 

తర్వాతి కాగితం దగ్గర ఆగిపోయారు.

"ఇదీ చెయ్యంటే" అన్నారు. "బొటనవేలు చూడు, ఎంత దూరం పోతుందో. ఈ చేతికి హోల్డరు ఆటబొమ్మ. అరచేయి నిండుగా ఉంది, వేళ్ళు సాఫీగా ఉన్నాయి. పనికి పుట్టిన చెయ్యి. ఎవడు వీడు? నాతో చెయ్యి కలిపినట్టు గుర్తులేదే."

కుడి కొసకు దగ్గరలో ఉన్న మేకుకు దాన్ని తగిలించి, వెనక్కి తిప్పారు.

స్కూలుకు వెళ్ళడానికి సంచీ భుజాన వేసుకుని పొట్టి అప్పుడే మెట్లు దిగింది. మేకుకు ఉన్న కాగితాన్ని చూసి, నన్ను చూసి, అక్కడే ఆగింది.

"పెన్సిలు వాల్చి గీశావా అమ్మాయ్?" మావయ్య అడిగారు.

"నిలువుగానే గీశాను మావయ్యా."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇలా రా" అన్నారు కూతుర్ని. అది దగ్గరికి వెళ్ళింది. గిరాకీ ముందు లేచినట్టే లేచి నిలబడి, చేయి చాచారు. పొట్టి ఇవ్వలేదు. ఆయన దించలేదు. చివరికి ఇచ్చింది.

క్షణంలో వదిలే మనిషి, వదలలేదు. బొటనవేలితో దాని వేళ్ళ సందులు ఒక్కొక్కటే విప్పి చూశారు.

"ఎప్పటి నుంచి?"

"మొదటి రోజు నుంచీ."

"చెప్పలేదేం?"

"ఫిర్యాదులు తేవద్దన్నావుగా."

మావయ్య అత్తయ్య వైపు తిరిగారు. "దీని చెయ్యి ఇంత ఎప్పుడైందే?"

"అది రోజూ ఈ ఇంట్లోనే ఉంది. మీరే చూడలేదు."

పొట్టి నా వైపు తిరిగి పళ్ళు కొరికింది. "ఒట్టేశావు కదా వదినా!"

"నేనేమన్నా? కాగితం చెప్పింది."

మావయ్య కిటికీ దగ్గరికి వెళ్ళి పాత అచ్చు తీశారు. అత్తయ్య చటుక్కున లేచింది. నేను ఆ ఇంటికి వచ్చాక ఆమె అంత తొందరగా లేవడం అదే చూడటం.

"పడేస్తారా ఏంటి?"

"చెయ్యి పెట్టు దీని మీద."

"ఇప్పుడా? పిల్లల ముందు?"

"పెట్టు."

పెట్టింది. వేళ్ళన్నీ అచ్చు దాటి బయటికొచ్చాయి. కణుపులు రెండు పక్కలా పొంగి ఉన్నాయి. అట్ట దాదాపు కనబడలేదు.

"అమ్మా, ఈ వయసులో కూడా చేతులు ఎదుగుతాయా?" అన్నారు మా ఆయన.

"ఎదుగుడు కాదురా, అరుగుడు. తోలు కుట్టీ కుట్టీ."

"అరిగితే తగ్గాలి కదా?"

"ఇంట్లో పని ఒక్కటైనా తగ్గిందా, ఇది తగ్గడానికి?" అని నవ్వింది కానీ, చేయి తీయలేదు. మావయ్య నవ్వలేదు. ఆ చేతినీ, దాని కింద ఉన్న అట్టనూ చాలాసేపు చూశారు. 

"ఇది దుకాణంది కాదు" అన్నారు చివరికి. "నీది. నిన్ను అడక్కుండా ఇన్నేళ్ళూ ఊరందరికీ వాడాను. పైన పెట్టుకో."

అత్తయ్య దాన్ని అందుకుని, చేత్తో దుమ్ము తుడిచింది. మేడెక్కింది. మేం ముగ్గురం ఎవరి వంక ఎవరం చూడాలో తెలియక తోలు ముక్కలు ఏరడం మొదలుపెట్టాం. మళ్ళీ దిగి వచ్చేసరికి అత్తయ్య మొహం కడుక్కుని ఉంది. "ఇంకా కొయ్యలేదా? ఇంకెప్పుడు కుడతాను?" అని అందరి మీదా కసిరింది.

మావయ్య ఆ పొద్దున్నే కత్తి పట్టారు. ఆడపిల్లల కాగితాలు గోడంతా చెదిరి ఉన్నాయి. ఒకటి ఆ మేకుకు, ఒకటి ఈ మేకుకు. వాటి కింద అచ్చులతోనే కోశారు. సన్నచేతుల అమ్మాయికి మాత్రం కొత్త అచ్చు కావాల్సి వచ్చింది. దాన్ని నేను కోస్తానంటే మావయ్య కత్తెర నాకిచ్చారు. ఆ సంతోషంతో బొటనవేలు వంకరగా కోశాను. "మనుషులకి ఆరో వేలు కూడా కలుపుతోంది నీ పెళ్ళాం" అని మా ఆయనతో చెప్పి, మళ్ళీ ఆయనే కోశారు.

కొత్త గ్లౌజులు వెళ్ళాక పని తేలికవుతుందనుకున్నాను. అవలేదు. పొట్టికి చేతులు మానడానికే కొన్నాళ్ళు పట్టింది. మగపిల్లలు అప్పటికే చాలా ముందున్నారు. రోజూ సాయంత్రం చొక్కా నిండా చిల్లులతో వచ్చి, "ఇవాళ రాడ్డు అంటుకుపోయింది" అనో, "ఇవాళ పలకకే బొక్క పడింది" అనో చెప్పేది. ఇప్పుడు మాత్రం నేరుగా మావయ్యకే చెప్పేది. ఆయన కత్తి ఆపి వినేవారు. మబ్బులు పట్టడం మొదలైంది. నాకు మళ్ళీ నిలకడ పోయింది. నా ఫలితాలు వచ్చాయి, పాసయ్యాను, మా ఆయన ఎగిరి గంతేశారు. నేను మాత్రం "టెస్టు ఎప్పుడట?" అని అడిగాను.

టెస్టు రోజు దుకాణం మూసి అందరం వెళ్ళాం. షెడ్డు తలుపుల దగ్గర తాడు కట్టి, తల్లిదండ్రులను బయటే నిలబెట్టారు. లోపల వరసగా బెంచీలు. అందరికీ ఒకే రకం తోలు ఏప్రన్లు, మొహాలకు నల్లటి షీల్డులు. ఎవరు ఎవరో పోల్చుకోలేం. మాకు చూడటానికి నల్లద్దాలు ఇచ్చారు. పెట్టుకుంటే అంతా చీకటి. మంట ఉన్న చోట మాత్రం ఒక వెలుగు, దాని పక్కన ఒక గ్లౌజు.

మావయ్య కాసేపు వెతికి, నా భుజం తట్టారు. "అదిగో, ఆ మూడో బెంచీ. పొట్టి అదే. చెయ్యి చూడు, దీపం పట్టుకున్నంత నిలకడగా ఉంది."

"అదే. నిలబడ్డ తీరు తెలియట్లా?" అంది అత్తయ్య.

"ఎంత ఓపిక! నాకు అంత లేదు. అచ్చం మా అమ్మ పోలిక" అని మావయ్య గొంతు సవరించుకున్నారు. నల్లద్దం కింద నుంచి కళ్ళు తుడుచుకున్నారు.

గంట కొట్టారు. మూడో బెంచీ మీద షీల్డు పైకి లేచింది. కింద గుబురు మీసం ఉంది.

మా ఆయన గోడ పట్టుకుని నవ్వారు. అత్తయ్య నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఆ కుర్రాడు మా వంక చూసి, ఎందుకు నవ్వుతున్నామో తెలియక తనూ నవ్వాడు. మావయ్య ఏమాత్రం తొణక్కుండా, "బాగా చేశావు నాయనా" అని తాడు మీదుగా గట్టిగా చెప్పారు. 

పొట్టి ఇంకాస్త అవతల బెంచీ దగ్గర ఉంది. మొహమంతా మసి. మా వంక చూడటం లేదు. దాని కళ్ళు మాస్టారి చేతిలోని సుత్తి మీదే ఉన్నాయి. అతుకు సరిగా ఉందో లేదో ఆయన అలాగే చూస్తారు. పలకను పట్టకారుకు బిగించి కొడతారు. విడిపోతే అయిపోయినట్టే. తాపీమేస్త్రి కూతురిది నిలిచింది. దాని పక్క కుర్రాడిది రెండు ముక్కలై కింద పడితే, వాడు ముక్కలు ఏరుకుని తల దించుకున్నాడు. షెడ్డులో నవ్వులు ఆగిపోయాయి.

మాస్టారు పొట్టి బెంచీ దగ్గరికి వచ్చారు. అతుకు అందంగా ఏమీ లేదు. నా కంటికే తెలుస్తోంది, పురుగు పాకినట్టు అటూ ఇటూ పోయింది. ఆయన ఒకటి కొట్టారు. మళ్ళీ కొట్టారు. మణికట్టు మీది మచ్చ రుద్దుకుని, సుత్తి చేయి మార్చుకుని, బలమంతా పెట్టి మూడోసారి కొట్టారు. పలక వంగింది. విడిపోలేదు.

 మాస్టారు సుద్దముక్కతో పలక మీద టిక్కు పెట్టి, పొట్టి వంక ఒకసారి చూసి, తర్వాతి బెంచీకి నడిచారు.

నేను చప్పట్లు కొట్టేశాను. నేనొక్కదాన్నే. రేకుల షెడ్డులో అది టపాకాయల్లా మోగింది. పొట్టి మసి మొహంతో పళ్ళన్నీ బయటపెట్టింది.

మావయ్య నా చేతులు రెండూ పట్టుకుని ఆపారు. ఆయన చూపు అప్పటికే పక్క బెంచీ మీద ఉంది. అక్కడ సన్నచేతుల అమ్మాయి, గ్లౌజులు విప్పకుండా, ఊపిరి బిగపట్టి నిలబడి ఉంది.

"ఉండమ్మాయ్" అన్నారు. "ఇంకా పిల్లలున్నారు."